ప్రాథమిక తరగతుల పిల్లలకు సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు: ఏ తరహా ఎవరికి నప్పుతుంది?

సైన్స్ ఫెయిర్ తేదీ ఖరారైన రోజు నుంచి పిల్లలున్న ఇంట్లోనూ, తరగతి గదిలోనూ "ఏం చేద్దాం?" అన్న ప్రశ్న మొదలవుతుంది. జవాబు కోసం పెద్దలు ఆలోచనల జాబితాలు తిరగేస్తారు. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, మొలకెత్తే గింజలు, కాగితపు వంతెన, చంద్రకళలు అన్నీ ఒకే వరుసలో కనిపించేసరికి దేన్ని ఎంచుకోవాలో పాలుపోదు. ఇవన్నీ ఒకే తరహా పనులు కాకపోవడమే ఈ ఇబ్బందికి మూలం. ఒకదానిలో పిల్లలు ఒక ప్రశ్నకు జవాబు కనుక్కుంటారు, ఇంకొకదానిలో ఒక వస్తువును తయారుచేస్తారు, మరొకదానిలో ప్రకృతిలో జరిగే మార్పును రోజుల తరబడి గమనించి రాసుకుంటారు. ఒక్కో తరహాకు పట్టే సమయం వేరు, కావలసిన ఓపిక వేరు, పెద్దల సాయం అవసరమయ్యే చోటు వేరు. కాబట్టి అంశం కన్నా ముందు తరహాను ఎంచుకోవాలి. అది తేలిపోతే జాబితాలో చాలా భాగం దానంతటదే పక్కకు తప్పుకుంటుంది.

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు, అంటే సుమారు 6 నుంచి 11 ఏళ్ల వయసున్న పిల్లలను దృష్టిలో ఉంచుకుని ఐదు తరహాలను ఇక్కడ పోల్చి చూద్దాం: ప్రయోగం, పరిశీలన, నమూనా, తయారీ, మనుషులతో చేసే పరీక్ష.

## ఎంపికకు ముందు చూడవలసినవి

మొదట చూడవలసింది పనిలో ఎంత భాగం పిల్లల చేతుల మీదుగా జరుగుతుందన్నది. ఆరేళ్ల పిల్లలు వస్తువులను లెక్కపెట్టగలరు, రంగులనూ ఆకారాలనూ పోల్చగలరు, స్కేలుతో పూర్తి సెంటీమీటర్లలో కొలవగలరు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి స్టాప్‌వాచ్ వాడగలరు, పట్టిక గీయగలరు. పదేళ్లకు సగటు లెక్కించగలరు. ప్రాజెక్టులోని కీలకమైన కొలత ఈ పరిధిని దాటిపోతే దాన్ని చివరికి పెద్దలే తీసుకుంటారు, పిల్లలు పక్కన నిలబడి చూస్తారు. ప్రదర్శన రోజున "దీన్ని ఎలా కొలిచావు?" అని ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి వారి దగ్గర ఏమీ ఉండదు. మిగతా ప్రమాణాల విషయంలో కొంత సర్దుకోవచ్చు గానీ ఈ ఒక్కదానిలో సర్దుబాటు పనికిరాదన్నది నా గట్టి అభిప్రాయం.

రెండోది, జవాబు పిల్లలకు ముందే తెలుసా లేదా అన్నది. లోకానికి తెలియని విషయం కావలసిన అవసరం లేదు, ఆ పిల్లలకు తెలియకపోతే చాలు. మొక్కకు నీళ్లు కావాలా అన్న ప్రశ్నకు జవాబు ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు కాబట్టి, ఆ ప్రయోగం చేస్తున్నంతసేపూ వారికి తెలిసిన దాన్ని రుజువు చేసే పనే మిగులుతుంది. అదే మొక్కకు రోజుకు ఎన్ని చెంచాల నీళ్లు పోస్తే బాగా పెరుగుతుందన్న ప్రశ్నకు జవాబు ఎవరూ వెంటనే చెప్పలేరు. ప్రశ్నను ఇంత కొద్దిగా మార్చినా పని స్వభావమే మారిపోతుంది.

మూడోది సమయం. లోలకం ప్రయోగం ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది. చిక్కుడు గింజలు మొలకెత్తడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది, ఆపైన మొక్క ఎదుగుదల కొలవాలంటే మరో రెండు వారాలు కావాలి. చంద్రుడు ఒక పౌర్ణమి నుంచి మరో పౌర్ణమికి రావడానికి సుమారు 29.5 రోజులు తీసుకుంటాడు, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. పైగా తొలి ప్రయత్నం సరిగా రాకపోవడం పిల్లల పనిలో మామూలే కనుక, పనికి పట్టే సమయాన్ని రెట్టింపు చేసి, ఛార్టు సిద్ధం చేయడానికి నాలుగైదు రోజులు కలిపి లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ప్రదర్శన తేదీ దాటిపోతే ఆ అంశాన్ని వదిలేయడమే మంచిది.

నాలుగోది నిబంధనలు, భద్రత. ప్రదర్శన నిర్వాహకులు ఇచ్చిన కాగితాన్ని అంశం నిర్ణయించుకోకముందే చదవాలి. చాలాచోట్ల జంతువులతో చేసే పనులకు అనుమతి ఉండదు లేదా ముందస్తు అనుమతి కావాలి. మనుషుల మీద చేసే పరీక్షలకు వారి సమ్మతి, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి అవసరమవుతుంది. మంట, బూజు, సూక్ష్మజీవులు, పదునైన పనిముట్ల విషయంలో ఆంక్షలు ఉంటాయి. కొన్ని ప్రదర్శనలు నమూనాలను అసలు అంగీకరించవు, ప్రశ్న, కొలత, ఫలితం ఉన్న ప్రాజెక్టులనే తీసుకుంటాయి. నెల రోజులు కష్టపడి చేసిన నమూనా తీరా ప్రదర్శనకు పనికిరాదని తెలిస్తే పిల్లలు పడే బాధ చిన్నది కాదు.

| తరహా | పట్టే సమయం | పిల్లలు సొంతంగా చేసే పని | ప్రధానమైన ఇబ్బంది | పెద్దల తోడు కావలసిన చోటు |
|---|---|---|---|---|
| ప్రయోగం | ఒక పూట నుంచి మూడు వారాలు | దాదాపు అంతా | ఒకేసారి రెండు విషయాలు మారిపోవడం | వేడినీళ్లు, బ్యాటరీ, కత్తిరింపులు |
| పరిశీలన | ఒక రోజు నుంచి నెల దాటి | అంతా | మధ్యలో విసుగు, తప్పిపోయిన రోజులు | రాత్రివేళ తోడు, గుర్తుచేయడం |
| నమూనా | రెండు మూడు రోజులు | రంగులు, అతికింపు | కొలత, ప్రశ్న లేకపోవడం | తరచుగా సగానికి పైగా పని |
| తయారీ | మూడు నుంచి పది రోజులు | చాలా భాగం | విఫలమైన వాటిని నమోదు చేయకపోవడం | కత్తెర, జిగురు తుపాకి |
| మనుషులతో పరీక్ష | ఒకటి రెండు వారాలు | అడగడం, కొలవడం, రాయడం | సమ్మతి, తగినంతమంది దొరకడం | అనుమతులు |

## ప్రయోగం

వెసులుబాటు ఉన్నప్పుడు నేను మొదట సూచించేది దీన్నే. ఒక్క విషయాన్ని మార్చడం, దానివల్ల ఇంకొక విషయం ఎలా మారుతుందో కొలవడం, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచడం. ఈ మూడు మాటలు అర్థమైతే ప్రయోగం అర్థమైనట్టే. చలరాశి, పరికల్పన వంటి పారిభాషిక పదాలు ఈ వయసులో అవసరం లేదు. "నేను మార్చేది, నేను కొలిచేది, నేను మార్చకుండా ఉంచేవి" అని నోటుబుక్కులో మూడు గళ్లు గీసి పిల్లల చేత నింపిస్తే సరిపోతుంది. మూడో గడి ఖాళీగా మిగిలిందంటే ప్రణాళిక ఇంకా పూర్తికాలేదని అర్థం.

ఉదాహరణగా లోలకాన్ని దగ్గరగా చూద్దాం. ఒక దారానికి ఇనుప నట్టు కట్టి బల్ల అంచుకు వేలాడదీసి, కొద్దిగా పక్కకు లాగి వదలాలి. "బరువు పెంచితే వేగంగా ఊగుతుందా?" అని అడిగితే పిల్లల్లో చాలామంది ఔనంటారు. కొలిస్తే బరువు వల్ల తేడా రాదు, దారం పొడవు వల్ల వస్తుంది. దారం 25 సెంటీమీటర్లు ఉన్నప్పుడు పది ఊపులకు సుమారు 10 సెకన్లు, 50 సెంటీమీటర్లకు సుమారు 14 సెకన్లు, 100 సెంటీమీటర్లకు సుమారు 20 సెకన్లు పడుతుంది. 25 నుంచి 100కు పొడవు నాలుగింతలైతే కాలం రెండింతలే అయిందని నాలుగో తరగతి పిల్లలు పట్టిక చూసి తామే చెప్పగలరు. 1602 ప్రాంతంలో గెలీలియో తలమునకలుగా ఆలోచించిన విషయం ఒక దారం, ఒక నట్టు, ఒక గడియారంతో పిల్లల చేతికి అందుతుంది.

ఈ ప్రయోగంలో తప్పులు దొర్లే చోట్లు కూడా బోధనకు పనికొచ్చేవే. నట్టును వదిలిన క్షణంలో "ఒకటి" అనేస్తే తొమ్మిది ఊపులే లెక్కకు వస్తాయి, కనుక వదిలేటప్పుడు "సున్నా" అనాలి. వెళ్లి తిరిగి వస్తేనే ఒక ఊపు. ఒక్క ఊపును కొలవకుండా పదింటిని కొలవడం ఎందుకంటే, స్టాప్‌వాచ్ నొక్కడంలో వేలు చేసే ఆలస్యం పది ఊపులకూ పంచుకుపోతుంది. బరువు పెంచేటప్పుడు రెండో నట్టును మొదటిదాని కిందకు వేలాడదీస్తే బరువుతోపాటు లోలకం పొడవు కూడా పెరిగిపోతుంది కాబట్టి నట్లన్నీ ఒకే ముడి దగ్గర కట్టాలి. ఈ చివరిది పిల్లలు తామే పట్టుకున్న సందర్భంలో, ఒక్క విషయాన్నే మార్చాలన్న నియమం వారికి జన్మలో మరచిపోలేని విధంగా తెలుస్తుంది. ఒక్కో పొడవుకు మూడుసార్లు కొలవాలి. ఒకసారి 20, ఒకసారి 21, ఒకసారి 19 వచ్చిందంటే ప్రయోగం చెడిపోయిందని అనుకోకూడదని, ఎంత జాగ్రత్తగా కొలిచినా ఇంత తేడా ఉంటుందని చెప్పడానికి అదే సరైన సమయం.

మొక్కల ప్రయోగాలకు ఆదరణ ఎక్కువ, వాటిలో చిక్కులూ ఎక్కువే. ఒక్కో కుండీలో ఒకే గింజ నాటితే, మొలవకపోవడానికి కారణం మన మార్పా, ఆ గింజ లోపమా అన్నది తేలదు. ఒక్కో పరిస్థితికి కనీసం ఐదారు గింజలైనా ఉండాలి. ఇంకొక విశేషం ఉంది. చీకట్లో పెట్టిన చిక్కుడు మొలక వెలుతురులో పెట్టినదానికన్నా ముందుగా పొడవు పెరుగుతుంది, వెలుతురు కోసం కాండాన్ని సాగదీస్తుంది. ఎత్తు మాత్రమే కొలిచిన పిల్లలు "చీకటిలోనే మొక్క బాగా పెరుగుతుంది" అని రాసేస్తారు. ఆకుల సంఖ్య, రంగు, కాండం దృఢత్వం కూడా గమనించమంటే పాలిపోయి వాలిపోయిన మొలక అసలు సంగతి చెబుతుంది. దాదాపు రెండు నెలల సమయం ఉండి, ఇలాంటి మలుపుల గురించి పిల్లలతో కూర్చుని మాట్లాడే తీరిక ఉంటే గింజల ప్రయోగాన్ని మించినది లేదు. వ్యవధి తక్కువైతే దాని జోలికి పోకూడదు.

వేడినీళ్లలో, చల్లనీళ్లలో చక్కెర ఎంతసేపటికి కరుగుతుందన్నది, మేకు చుట్టూ తీగ ఎన్ని చుట్లు చుడితే విద్యుదయస్కాంతం ఎన్ని కాగితపు క్లిప్పులను ఎత్తుతుందన్నది తక్కువ సమయంలో చక్కగా కుదిరే ప్రయోగాలు. విద్యుదయస్కాంతానికి 1.5 వోల్టుల బ్యాటరీ చాలు. అయితే తీగ, బ్యాటరీ వేడెక్కుతాయి కాబట్టి ఒక్కోసారి కొన్ని సెకన్లకు మించి కలిపి ఉంచకూడదు, పెద్దలు పక్కనే ఉండాలి. రొట్టెముక్క మీద బూజు ప్రయోగం ఎంచుకుంటే సంచిని మూసిన తర్వాత మళ్లీ తెరవకూడదు, పని ముగిశాక మూసినది మూసినట్టే పారేయాలి.

## పరిశీలన

ఇందులో మనం ఏదీ మార్చం. జరుగుతున్న దాన్ని క్రమం తప్పకుండా చూసి, కొలిచి, రాసుకుంటాం. ప్రయోగం కన్నా ఇది తక్కువ స్థాయిదని కొందరు అనుకుంటారు గానీ, ఖగోళశాస్త్రం చాలామటుకు ఇలాగే ఎదిగింది.

ఒక్క రోజులో ముగిసే పరిశీలన కావాలంటే నీడను మించినది దొరకదు. ఎండ పడే చోట నిటారుగా ఒక కర్ర నాటి, పొద్దున నుంచి సాయంత్రం దాకా అరగంటకోసారి నీడ కొనను సుద్దతో గుర్తించి పొడవు కొలవాలి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది సరిగ్గా పన్నెండు గంటలకే అని పిల్లలు అనుకుంటారు. చాలా ప్రదేశాల్లో అది పన్నెండుకు కొంత ముందో వెనకో వస్తుంది, ఎందుకంటే గడియారం ఒక విశాలమైన ప్రాంతమంతటికీ ఒకే సమయం చూపిస్తుంది, సూర్యుడు మాత్రం ఒక్కో చోట ఒక్కో క్షణంలో నడినెత్తికి దగ్గరవుతాడు. తమ గుర్తుల్లోంచే ఈ తేడా బయటపడినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం కోసమైనా ఈ పని చేయించాలి.

చంద్రకళలకు నెల రోజులకు పైగా కావాలి. ప్రతిరోజూ ఒకే వేళకు ఆకాశం చూసి, చంద్రుడి ఆకారం గీసి, ఏ దిక్కున ఉన్నాడో రాసుకోవాలి. చంద్రోదయం రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక కొన్ని రోజులు ఆ వేళకు చంద్రుడు కనిపించనే కనిపించడు, కొన్ని రోజులు పగలే కనిపిస్తాడు. మబ్బు పట్టిన రోజున గడిలో "మబ్బు" అని రాయాలి. మిగతా రోజులను చూసి ఊహించి బొమ్మ గీసేయడం తప్పని పిల్లలకు ముందే చెప్పాలి. ఖాళీ గళ్లున్న పట్టికను చూసి మొహమాటపడే పెద్దలే చాలాసార్లు ఈ తప్పుకు కారణమవుతారు. ఉన్నదున్నట్టు రాసిన పట్టికకే విలువ.

నిదానంగా, బొమ్మలు గీస్తూ కూర్చోవడానికి ఇష్టపడే పిల్లలకు పరిశీలన బాగా కుదురుతుంది. వెంటనే ఏదో ఒకటి జరగాలని కోరుకునే పిల్లలు నాలుగో రోజుకే విసిగిపోతారు. అలాంటివారికి నెల రోజుల పని అప్పగించి రోజూ గుర్తుచేస్తూ ఉండడం ఇద్దరికీ శిక్షే.

## నమూనా

ప్రదర్శనల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, జాగ్రత్తగా ఆలోచించవలసినదీ ఇదే. నిబంధనలు అనుమతిస్తే చేయకూడదని ఏమీ లేదు. ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల పిల్లలు చేతులతో తయారుచేయడం ద్వారా చాలా నేర్చుకుంటారు. అయితే నమూనాలో పని పెద్దల చేతుల్లోకి జారిపోవడం అతి సులువు. థర్మోకోల్ కోయడం, వైర్లు అతికించడం, అక్షరాలు అందంగా రాయడం ఒకదాని తర్వాత ఒకటి పెద్దలే చేసేస్తారు.

అగ్నిపర్వతాన్నే చూడండి. బేకింగ్ సోడాలో వెనిగర్ పోస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుట్టి నురగ పొంగుతుంది. చూడడానికి బాగుంటుంది. నిజమైన అగ్నిపర్వతంలో ఆ చర్య జరగదు. అక్కడ భూగర్భంలోని శిలాద్రవంలో కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాకోచించి బద్దలవుతాయి. ఈ తేడా చెప్పకుండా నమూనాను చూపిస్తే పిల్లలు తప్పుడు కారణం నేర్చుకుంటారు. అగ్నిపర్వతమే కావాలని పట్టుబట్టే పిల్లలను నిరుత్సాహపరచనక్కరలేదు. సోడా పరిమాణం అలాగే ఉంచి, వెనిగర్‌ను ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు చెంచాలు పోస్తూ కొలతలున్న గ్లాసులో నురగ ఎంత ఎత్తుకు లేస్తుందో రాయమంటే అదే సామగ్రితో ప్రయోగం తయారవుతుంది. కొంతదూరం పెరిగిన తర్వాత ఎత్తు పెద్దగా పెరగడం లేదని వారు గమనిస్తే, సోడా అయిపోయిందేమో అన్న ఆలోచన దానంతటదే వస్తుంది.

సౌరకుటుంబానికి కూడా ఇలాంటి మార్గం ఉంది. రంగు బంతులను వరుసగా తీగకు గుచ్చే బదులు, ఒక సెంటీమీటరు లక్ష కిలోమీటర్లకు సమానమని పెట్టుకోండి. అప్పుడు సూర్యుడు సుమారు 14 సెంటీమీటర్ల బంతి అవుతాడు. భూమి 1.3 మిల్లీమీటర్ల చుక్క, అదీ సూర్యుడికి 15 మీటర్ల దూరంలో. గురుగ్రహం సుమారు 1.4 సెంటీమీటర్ల గోళీ, 78 మీటర్ల దూరంలో. నెప్ట్యూన్ 450 మీటర్ల దూరానికి వెళ్లిపోతుంది. ఐదో తరగతి పిల్లలు ఈ భాగహారాలు తామే చేసి, మైదానంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, భూమి ఉండవలసిన చోట ఆవగింజ కన్నా చిన్న చుక్కను పెట్టినప్పుడు అంతరిక్షం ఎంత ఖాళీగా ఉందో వారికి ఒంటికి తెలుస్తుంది.

## తయారీ

నమూనాకూ దీనికీ తేడా ఏమిటంటే, నమూనా ఉన్నదాన్ని చూపిస్తుంది, తయారీ ఒక సమస్యను పరిష్కరిస్తుంది. ఒకే ఒక్క కాగితంతో 20 సెంటీమీటర్ల ఖాళీ మీద వంతెన కట్టి దాని మీద వీలైనన్ని నాణేలు నిలబెట్టడం, ఒకే కొలత రేకుముక్కతో ఎక్కువ బరువు మోసే పడవ చేయడం, వీలైనంత నెమ్మదిగా కిందకు దిగే కాగితపు తిరుగుడు రెక్కను తయారుచేయడం ఈ కోవలోకి వస్తాయి. కుదురుగా కూర్చోలేని, చేతులకు ఎప్పుడూ పని కావాలనే పిల్లలకు నేను ముందుగా దీన్నే చెబుతాను. ఫలితం వెంటనే కనిపిస్తుంది, కూలిపోతే మళ్లీ కట్టవచ్చు.

మామూలుగా పరిచిన కాగితం కొన్ని నాణేలకే వంగిపోతుంది. దాన్నే విసనకర్రలా మడతలు పెడితే మోసే బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే మడతల ఎత్తు వల్ల కాగితం వంగడం కష్టమవుతుంది. మడతల సంఖ్యనో ఎత్తునో ఒక్కటే మారుస్తూ పోతే ఇది దాదాపు ప్రయోగమే. ఇక్కడ తరచుగా జరిగే నష్టం ఒకటుంది. కూలిన వంతెనలను పారేసి గెలిచిన ఒక్కదాన్నే బల్ల మీద పెడతారు. ప్రతి వంతెనకూ అంకె వేసి, అది మోసిన నాణేల సంఖ్య, వంగిన చోటు రాసి, నలిగిన కాగితాలను వరుసగా అతికిస్తే చూడవచ్చినవారికి పిల్లల ఆలోచన నడిచిన దారి కనిపిస్తుంది.

## మనుషులతో చేసే పరీక్ష

"మీకు ఏ రంగు ఇష్టం?" అని ఇరవైమందిని అడిగి గ్రాఫు గీయడం లెక్కల అభ్యాసంగా బాగుంటుంది గానీ, అందులో పరీక్షించే విషయం లేదు. అదే స్కేలును ఒకరు పట్టుకుని హఠాత్తుగా వదిలితే ఇంకొకరు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో కొలవడం నిజమైన పరీక్ష. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే స్పందించడానికి సుమారు 0.2 సెకను పట్టిందని అర్థం. చిన్న తరగతుల పిల్లలు సెకన్ల జోలికి పోకుండా సెంటీమీటర్లనే పోల్చవచ్చు. కుడిచేయి, ఎడమచేయి మధ్య తేడా ఉందా, సాధన చేసేకొద్దీ మెరుగుపడుతుందా అన్నవి మంచి ప్రశ్నలు.

ఈ తరహా ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి అమెరికాలో ఎమిలీ రోసా చేసిన పని ఉంది. మనిషి శరీరం చుట్టూ ఉండే శక్తిని తాకకుండానే చేతులతో గ్రహించగలమని చెప్పే చికిత్సకులను ఆమె నాలుగో తరగతి సైన్స్ ఫెయిర్ కోసం తొమ్మిదేళ్ల వయసులో పరీక్షించింది. మధ్యలో అట్ట తెర పెట్టి, నాణెం ఎగరేసి, చికిత్సకుల రెండు చేతుల్లో ఒకదాని దగ్గర తన చేతిని ఉంచి, ఏ చేతి దగ్గర ఉందో చెప్పమంది. మొత్తం 21 మందితో చేసిన 280 ప్రయత్నాల్లో సరైన జవాబులు 123, అంటే 44 శాతం, ఊరికే ఊహించి చెప్పినా సగం సరిగ్గా రావాలి. ఆ ఫలితాలు 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చేనాటికి ఆమెకు పదకొండేళ్లు. అట్ట, నాణెం, సూటి ప్రశ్న, అనేకసార్లు చేసిన ప్రయత్నాలు, ఇంతకు మించి అందులో సామగ్రి లేదు.

మాటకారులైన, నలుగురితో కలిసిపోయే పిల్లలకు ఇది అనుకూలం. కొత్తవారితో మాట్లాడడానికి బిడియపడే పిల్లల మీద రుద్దకూడదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు జట్టుగా చేస్తే మాట్లాడేవారు మాట్లాడతారు, కొలిచేవారు కొలుస్తారు.

## ఎవరికి ఏది

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు నీడ పరిశీలన, నీళ్లలో ఏవి మునుగుతాయి ఏవి తేలుతాయి అన్న వర్గీకరణ, లేదా కాగితపు వంతెన సరిపోతాయి. రాయడం ఇంకా కష్టమైన వయసు కాబట్టి ఫలితాన్ని రంగు కాగితపు పట్టీలతో చూపించవచ్చు. నీడ ఎంత పొడవుంటే అంత పట్టీ కత్తిరించి వరుసగా అతికిస్తే అదే గ్రాఫు అవుతుంది. మూడో తరగతి నుంచి ఒక్క విషయం మార్చే ప్రయోగాలు బాగా నడుస్తాయి. నాలుగు, ఐదు తరగతులవారు మూడుసార్లు కొలిచి సగటు తీయడం, ఇంకొకరిని పరీక్షించడం, నిష్పత్తి లెక్కలతో నమూనా చేయడం వంటివి చేయగలరు.

వారం రోజులే ఉంటే లోలకం, చక్కెర కరగడం, వంతెన, స్కేలు పట్టుకోవడం వీటిలో ఒకటి ఎంచుకోవాలి. రెండు నెలలకు పైగా వ్యవధి ఉన్నప్పుడు గింజలు, చంద్రకళలు అందుబాటులోకి వస్తాయి. తల్లిదండ్రులిద్దరికీ పగలు తీరిక లేని ఇంట్లో రోజూ ఒకే వేళకు చేయవలసిన పని కన్నా, సెలవు రోజున కూర్చుని ముగించగల పని మంచిది. ఖాళీ లేని పెద్దలు నమూనా సులువని అనుకుంటారు గానీ, పైన చెప్పినట్టు చివరి రాత్రి మేలుకోవలసి వచ్చేది ఎక్కువగా వారే.

తరగతి మొత్తానికి ప్రణాళిక వేసే ఉపాధ్యాయుల పరిస్థితి వేరు. ముప్పైమందికి ముప్పై అంశాలను పర్యవేక్షించడం సాధ్యపడదు. ఒకే తరహాను అందరికీ నేర్పి, లోలకం పొడవు ఒక జట్టుకు, బరువు ఒక జట్టుకు, లాగి వదిలే దూరం ఇంకొక జట్టుకు ఇస్తే, ఒకరి ఫలితం ఇంకొకరికి పనికొస్తుంది. తరగతి అంతా కలిసి ఒకే ప్రశ్నను పట్టుకున్నా తప్పులేదు. ఇంగ్లండులోని బ్లాకాటన్ ప్రాథమిక పాఠశాలకు చెందిన 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు 25 మంది ఇలాగే కలిసి, బంబుల్‌బీ తేనెటీగలు రంగులనూ అవి అమరిన తీరునూ బట్టి తియ్యటి నీళ్లున్న చోటును గుర్తుపట్టడం నేర్చుకుంటాయా అని పరీక్షించారు. వారు తమ మాటల్లో రాసిన ఆ పని రంగు పెన్సిలు బొమ్మలతో సహా 2010లో బయాలజీ లెటర్స్ అనే శాస్త్ర పత్రికలో అచ్చయింది.

పెద్దల సాయానికి హద్దు ఎక్కడ అన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. ప్రమాదం ఉన్న పని, సామగ్రి తేవడం, సమయం గుర్తుచేయడం పెద్దలవి. ప్రశ్న, ఊహ, కొలత, పట్టిక, ఏం తెలిసిందో చెప్పే వాక్యం పిల్లలవి. ఛార్టు మీది వాక్యాలు పిల్లలు మాట్లాడే మాటల్లోనే ఉండాలి. సహాయం చేయాలనిపించినప్పుడు వాక్యాన్ని సరిదిద్దే బదులు "ఎందుకలా అనుకున్నావు?" అని అడిగితే వారే సరిదిద్దుకుంటారు. ఊహించినదానికి విరుద్ధంగా ఫలితం వస్తే, మొదటి ఊహను చెరపకుండా దాని కిందే ఫలితాన్ని రాయించాలి. న్యాయనిర్ణేతలు ఆసక్తిగా ప్రశ్నలు వేసేది సాధారణంగా అక్కడే.

ఇంత పోల్చినా రెండింటి మధ్య తేలకపోతే, రెండింటినీ చెరో అరగంట చేసి చూడడం మంచిది. వంతెన మీద ఓ పది నాణేలు, లోలకంతో ఓ రెండు పొడవులు చాలు. ఏ పనిని పిల్లలు "ఇంకొక్కసారి" అని తామే అడిగి మళ్లీ మొదలుపెడతారో దాన్ని ఎంచుకోండి. ఆ అరగంటలో వచ్చిన అంకెలను కూడా తేదీ వేసి నోటుబుక్కులో మొదటి పేజీలో రాయించండి.